కిట్ గిటార్‌లో ట్రెమోలో సరిగా కూర్చోవడం లేదు

ప్రశ్న (తిరుపతి): స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్ తరహా ఎలక్ట్రిక్ గిటార్) కిట్ బిగిస్తా ఉన్నా. ఆరు స్క్రూల ట్రెమోలో (ఆర్మ్ అనే కడ్డీ నొక్కితే కదిలి శ్రుతి మార్చే బ్రిడ్జి, తీగలు దీని మీదే ఆనుతాయి), మూడు స్ప్రింగులు, 10-46 మందం తీగలు. శ్రుతి చేసేకొద్దీ బ్రిడ్జి వెనక వైపు బాగా లేస్తా ఉంది. ఆర్మ్ నొక్కి వదిలితే శ్రుతి పాత చోటికి రాదు. ఏం చేయాలన్నా?

జవాబు 1: తీగల లాగుడు స్ప్రింగులను మించింది, అందుకే లేస్తోంది. గిటార్ వెనక మూత తీసి క్లా (స్ప్రింగులను పట్టి ఉంచే రేకు) స్క్రూలు రెండూ అర చుట్టు చొప్పున బిగించు, మళ్లీ శ్రుతి చెయ్యి. బ్రిడ్జి ప్లేటు వెనక అంచు కింద 3 మి.మీ. సందు మిగిలేదాకా ఇదే పని. చాలకపోతే నాలుగో స్ప్రింగు వెయ్యి.

జవాబు 2 (చిత్తూరు): శ్రుతి తిరిగి రాకపోవడం వేరే జబ్బు తమ్ముడూ. ఆరు స్క్రూలూ అడుగంటా బిగించి ఉంటావు. తీగలు వదులు చేసి, రెండు కొసల్లోని స్క్రూలు ప్లేటును తాకీ తాకనట్టు, మధ్య నాలుగూ ఇంకాస్త ఎత్తులో పెట్టు. కిట్లలో రంధ్రాలు వంకరగా పడుంటాయి. ఏ స్క్రూ అయినా ప్లేటు రంధ్రం అంచును ఒరుసుకుంటే అక్కడే పట్టేస్తుంది. ఆ రంధ్రంలో జిగురు రాసిన టేకు పుల్ల దిగ్గొట్టు, వడ్రంగి దగ్గర దొరుకుతుంది. మర్నాడు నిటారుగా డ్రిల్ చెయ్యి.

జవాబు 3: నట్ (మెడ పై కొసన తీగలు ఆనే పట్టీ) గాడుల్లో పెన్సిల్ పొడి కూడా వెయ్యి. ఆర్మ్ వదిలినప్పుడు టిక్కుమంటే తీగ అక్కడే ఇరుక్కుంటోంది.