లాస్ట్ జనరేషన్: ‘తప్పిన’ తరమా, ‘తప్పిపోయిన’ తరమా?

గోదారిగట్టు: మొదటి ప్రపంచయుద్ధం తర్వాతి పారిస్ రచయితల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ లాస్ట్ జనరేషన్ దగ్గర ఆగిపోయాను. ‘నష్టతరం’ అంటే కొట్టు లెక్కలా ఉంది. హెమింగ్వే 1926 నవల ముందు అమెరికన్ రచయిత్రి గెర్‌ట్రూడ్ స్టైన్ అన్న ‘మీరంతా లాస్ట్ జనరేషన్’ అనే మాట, దాని కింద బైబిల్లోని ప్రసంగి వాక్యం ఉంటాయి కదా. ‘తరము వెంబడి తరము...’ తర్వాత ఏమిటి? నాలిక మీదే ఉంది, రావట్లేదు.

పాతఅచ్చు: ‘...గతించి పోవుచున్నది, భూమియొక్కటే యెల్లప్పుడును నిలుచునది.’ మీక్కావలసిన మాటా ఆ బైబిల్లోనే ఉంది. లూకా 15, తప్పిపోయిన కొడుకు కథ, ‘తప్పిపోయి దొరకెను’. తప్పిపోయిన తరం. అయిపోయింది.

అరసున్న: ఎక్కడ అయిపోయిందండీ? అక్కడ తప్పిపోయినవాడు తిరిగొస్తే దూడను కోసి విందు చేశారు. వీళ్లకెవరు చేశారు? ఆ ‘పో’ తీసేయండి. స్టైన్ 1937లో రాసినదాని ప్రకారం ఆ మాట ఒక హోటలాయనది. మగవాడికి నాగరికత అబ్బేది 18–25 ఏళ్ల మధ్యే, ఆ వయసు యుద్ధంలో గడిస్తే ఇక అబ్బదు అన్నాడట. అంటే అదను తప్పిన తరం!

మూడోపేజీ: హోటలాయన కాదు, గ్యారేజీ ఓనరు. స్టైన్ కారు సరిగ్గా చూడని కుర్ర మెకానిక్‌ని తిట్టాడు. హెమింగ్వే పారిస్ జ్ఞాపకాల్లో (1964) ఉంది. తిట్టుకి సేద్యం మాట ఎందుకు? ‘చెడిన తరం’ చాలు.

అరసున్న: స్టైన్ సంగతికి హెమింగ్వే సాక్ష్యమా! ఇద్దరికీ ఎప్పుడో చెడింది.

మూడోపేజీ: చూశారా, మీ నోటా ‘చెడింది’ అనే వచ్చింది. శ్రీశ్రీ ‘పుట్టుకతో వృద్ధులు’ అన్నదీ ఇలాంటివాళ్లనే.

పాతఅచ్చు: శ్రీశ్రీ వెక్కిరించాడు, అది వేరే కుర్రవాళ్ల సంగతి. యుద్ధంలో మనిషికి ఏమవుతుందో తిలక్ ‘సైనికుడి ఉత్తరం’లో చూడాలి. అంత మెత్తటి చేత్తో అంత కరుగ్గా ఇంకెవరు రాశారు?

అరసున్న: తిలక్ జోలికి వెళ్తే ఇక రాత్రంతా ఇదే.

గోదారిగట్టు: వ్యాసం రేపే ఇవ్వాలి. లాస్ట్ జనరేషన్ అనే ఉంచేస్తున్నా.

అరసున్న: పక్కన బ్రాకెట్లో ‘అదను తప్పిన’ పెట్టండి.

పాతఅచ్చు: పెడితే ‘పో’తో సహా పెట్టండి.