అప్‌డేట్: క్రిటికల్ అప్రిసియేషన్‌లో మార్కులు ఎక్కడ పోతున్నయో తెలిసింది

డిగ్రీ ఇంగ్లిష్‌ల క్రిటికల్ అప్రిసియేషన్ (పోయెం ఎట్ల రాసిన్రో విడదీసి చెప్పే జవాబు) నాలుగు పేజీలు రాసినా పదికి నాలుగే వస్తున్నయని పోయిన నెల అడిగిన. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"సారాంశం ఆపు, పైకి చదివి ప్రాస గుర్తు పెట్టు" అన్న అక్క మాటే పనిచేసింది. హనుమకొండల మాకు చెప్పే మేడమ్ నా పేపర్ చూసి, అంతా కథే చెప్పినవన్నరు. రాబర్ట్ ఫ్రాస్ట్ 1923ల అచ్చయిన 'స్టాపింగ్ బై వుడ్స్ ఆన్ ఎ స్నోయీ ఈవినింగ్' ముందు పెట్టి, పెన్సిల్‌తో లైన్ల చివర ఏ, ఏ, బీ, ఏ అని రాయించిన్రు, ప్రాస కలిసిన లైన్లకు ఒకటే అక్షరం. చరణంల జత కలవని ఆ మూడో లైను శబ్దమే తర్వాతి చరణానికి ప్రాస అయితది. ఆఖరి చరణంల నాలుగు లైన్లకూ ప్రాస ఒకటే, గొలుసు అక్కడ ఆగుతది. చివరి రెండు లైన్లూ ఒకటే మాట: నిద్రపోయే ముందు ఇంకా మైళ్లు పోవాలె అని. మొదటిసారి అది దారి దూరమే, రెండోసారికి నిద్ర అన్న మాట బరువెక్కుతది. ఇది దొరికిన రోజు నాకు నిద్ర పట్టలే!

కవి జీవిత చరిత్ర, అలంకారాల లిస్టు బట్టీ పట్టుడు, చేతిరాత: వీటితోని ఏం తేడా రాలే. కథలకైతే ముందు "ఎవరు చెప్తున్నరు" అని చూస్తున్న. మొన్నటి ఇంటర్నల్‌ల ఎనిమిది వచ్చినయి.