అగమెమ్నాన్ కానుకలు కాదని అకిలీస్ తప్పు చేశాడా?

సముద్రపుగాలి: ట్రాయ్ యుద్ధం మీద హోమర్ చెప్పిన గ్రీకు కావ్యం ఇలియడ్, అందులో 9వ సర్గ సంగతి. ట్రాయ్ రాకుమారుడు హెక్టర్ దెబ్బకి గ్రీకుల పని అయిపోవచ్చింది. తనకి దక్కిన బందీ పిల్ల బ్రిసేయిస్‌ను లాక్కున్నందుకు అలిగి కూర్చున్న మహావీరుడు అకిలీస్ దగ్గరికి, ఆ లాక్కున్న గ్రీకు సేనాధిపతి అగమెమ్నానే ఒడీసియస్, ఫీనిక్స్, అయాస్‌లను రాయబారం పంపాడు. 10 తలాంతుల (అదో పాత తూకం) బంగారం, 12 పందెపు గుర్రాలు, 7 ఊళ్లు, ముగ్గురు కూతుళ్లలో కోరుకున్న పిల్లతో పెళ్లి. బ్రిసేయిస్‌ను ముట్టుకోలేదని ఒట్టు కూడా వేస్తానన్నాడు. ఇంకేం కావాలి? పౌరుషం కాదు, వట్టి మొండితనం. ప్రాణస్నేహితుడు పాట్రోక్లస్ చావు దాని ఫలితమే.

పాతసంచిక: జాబితా బాగానే ఉందండీ, అగమెమ్నాన్ మాటల్లో చివరి ముక్క వదిలేశారు. ఒడీసియస్ కూడా అదే వదిలేశాడు! ఇలియడ్‌లో కబురు మోసేవాళ్లు విన్నది విన్నట్టే అప్పజెబుతారు. 2వ సర్గలో దేవతల రాజు జ్యూస్ అగమెమ్నాన్‌కి పంపిన కల అంతే, ఆ కలను అగమెమ్నాన్ పెద్దలకు చెప్పడమూ అంతే. ఇక్కడ ఒడీసియస్ కానుకలన్నీ దాదాపు మక్కీకి మక్కీ చదివి, "అతను నాకు లొంగాలి, నేను పెద్ద రాజుని, వయసులోనూ పెద్దని" అన్న మాట దగ్గర ఆగిపోయాడు. దాని బదులు తోటివాళ్ల మీద జాలి చూపమన్నాడు. కావ్యం వినే శ్రోతలు అప్పుడే విన్న మాట కాబట్టి ఆ కోత వాళ్లకి తెలిసిపోతుంది.

నాలుగోబల్ల: శ్రోతలకి తెలుసు సరే, అకిలీస్‌కి ఎలా తెలుసు బాబూ? వినని మాటకి కోపమేంటి?

పాతసంచిక: అతని జవాబు మొదలే చూడండి. మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకోటి చెప్పేవాడు నాకు పాతాళ ద్వారమంత అసహ్యం అంటాడు. వాసన పట్టేశాడు. పైగా అగమెమ్నాన్ తను రాలేదు, క్షమించమనలేదు. అల్లుణ్ణి చేసుకుంటే అకిలీస్ తన చేతి కింద ఉంటాడు కదా!

నాలుగోబల్ల: ఆ మాట తను దాపరికం లేకుండా మాట్లాడబోతున్నానని చెప్పుకోవడానికీ సరిపోతుంది. ఒడీసియస్ మీదికే విసిరాడని ఖాయం చేయలేం.

సముద్రపుగాలి: వాసన పట్టాడనే అనుకుందాం. మరి మెత్తబడ్డాడేం? ఒడీసియస్‌తో రేపే ఓడెక్కుతానన్నాడు. చిన్నప్పుడు తనని పెంచిన ఫీనిక్స్, ఇలాగే అలిగి యుద్ధం మానేసిన మెలియేగర్ అనే వీరుడి కథ చెప్పి బతిమాలితే పొద్దున ఆలోచిద్దామన్నాడు. కానుకల లెక్క చదవకుండా, స్నేహితుల మాట వినవేం అని అయాస్ నాలుగు ముక్కలు అనేసరికి, హెక్టర్ మా ఓడల దాకా వస్తే చూస్తానన్నాడు. తన కోపం తగ్గించుకోగలడు, తగ్గించుకోలేదు. నా అభ్యంతరం అక్కడే.

పాతసంచిక: అంటే కానుకలు పని చేయలేదనేగా! 19వ సర్గలో అవే కానుకలు మళ్లీ వస్తే, ఇస్తే ఇవ్వు లేకపోతే ఉంచుకో, ముందు యుద్ధం సంగతి చూద్దాం అన్నాడు.

సముద్రపుగాలి: అప్పటికి పాట్రోక్లస్ పోయాడండీ.