ఇంజన్ ఫ్యాన్ పీకి కరెంటు ఫ్యాన్లు పెట్టా, వేడి ఇంకా ఎక్కువైంది. ఎవరన్నా చెప్పండి

మడివాళ వ్యాన్:
పొద్దున తొమ్మిదింటి నుంచి బండి కిందే ఉన్నా. ఇప్పుడు ఆరయింది. ఇంజన్‌తో తిరిగే పాత ఫ్యాన్ రెక్క ఒకటి చీలింది. ఎట్లాగూ దాని గోల భరించలేకపోతున్నా అని పీకేసి, బెంగళూరు శివాజీనగర్ గుజిరీలో (పాత సామాన్ల బజారు) రెండు ఎలక్ట్రిక్ ఫ్యాన్లు తెచ్చి బిగించా. రిలే పెట్టా, 30 ఆంప్స్ ఫ్యూజు పెట్టా, రెండూ బాగానే తిరుగుతున్నాయి. అయినా సిల్క్ బోర్డు చేరేలోపే సూది ఎర్రగీత పక్కకొచ్చింది. మూడేళ్లలో ఎప్పుడూ ఇట్లా కాలేదు. ఎల్లుండి ఇంట్లోవాళ్లతో తిరుపతి పోవాల. ఏం చేయాలో ఎవరన్నా చెప్పండి.

మీటరుపెట్టి:
ఏ బండి? ఏసీ ఉందా? ఫ్యాన్లు రేడియేటర్‌కి ముందా వెనకా?

పాత ఇంజన్:
అసలు కంపెనీవాడు పెట్టినదాన్ని పీకడమెందుకు తమ్ముడూ? అందులో విస్కస్ కప్లింగ్ అని ఒకటి ఉంటుంది. లోపల సిలికాన్ ఆయిల్, ముందు వేడికి వంగే చిన్న లోహపు పత్తీ. రేడియేటర్ నుంచి వచ్చే గాలి వేడెక్కితే ఆ పత్తీ వంగి ఆయిల్‌ని వదులుతుంది, ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది. చల్లబడితే దానంతటదే వదులైపోతుంది. వైరు లేదు, రిలే లేదు, ఫ్యూజు పోయేది లేదు. మీరేమో గుజిరీకి పోయి ఎవడి కారుదో తెచ్చి తగిలిస్తారు.

మడివాళ వ్యాన్:
నాదాంట్లో ఆ కప్లింగేమీ లేదన్నా, ఫ్యాన్ నేరుగా వాటర్ పంపు పుల్లీకే బిగించి ఉండె. వ్యాన్, డీజిల్. ఏసీ లేదు. ఫ్యాన్లు ఇంజన్ వైపు పెట్టా. గ్రిల్లు ముందర పేపరు పెడితే లాక్కొని రేడియేటర్‌కి అతుక్కుంటోంది, కాబట్టి ఉల్టా తిరగడం లేదు. ఫ్యాన్ ఆన్ కావడానికి థర్మోస్టాట్ 92 డిగ్రీలది పెట్టా.

సెంటీగ్రేడు:
థర్మోస్టాట్ అంటే ఇంజన్ లోపల నీళ్లని ఆపి వదిలే వాల్వు. ఫ్యాన్‌ని ఆన్ చేసేది థర్మో స్విచ్. రెండూ ఒకటి కాదు.

హిందూపురం బ్రో:
జేసీ రోడ్డు స్పేర్‌పార్ట్స్ అంగళ్లలో ఫ్యాన్ థర్మోస్టాట్ అని అడిగితేనే ఇస్తారు సార్. నేనే తెచ్చా.

సెంటీగ్రేడు:
అంగట్లోవాడు ఇస్తే పేరు మారిపోతుందా? ఇంకో మాట. బెంగళూరు 920 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ మామూలు నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. రేడియేటర్ మూత 0.9 బార్ ప్రెజర్‌ది సరిగ్గా పట్టితేనే అది 117 దాకా పోతుంది. మూత రబ్బరు పోతే 92 స్విచ్ పెట్టి ఏం లాభం? ముందు మూత మార్చండి. బోరు నీళ్లు పోసుంటే అది ఇంకో కథ, లోపలంతా సున్నం కట్టేస్తుంది.

హిందూపురం బ్రో:
మూతకీ ఫ్యాన్‌కీ ఏంది సంబంధం?

మీటరుపెట్టి:
ఇప్పటికీ ఏ బండో చెప్పలేదు.

మడివాళ వ్యాన్:
పాత ఓనర్ వేరే ఇంజన్ ఎక్కించినాడు అన్నా. అది దేనిదో నాకూ సరిగ్గా తెలీదు.

పాత ఇంజన్:
ఆర్‌సీలో ఎక్కించాడా? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చూసుకో. ఇంజన్ నంబరు మారితే ఆర్టీవోకి చెప్పాల. రేపు బార్డర్లో ఆపితే ఫ్యాన్ సంగతి కాదు, బండే అక్కడ ఉండిపోతుంది.

మీటరుపెట్టి:
అది తర్వాత. ఇంజన్ స్టార్ట్‌లో ఉంచి ఫ్యాన్ ప్లగ్గు దగ్గర వోల్టేజీ కొలువు.

మడివాళ వ్యాన్:
11.4 చూపిస్తోంది. అన్నట్టు డాష్‌లో బ్యాటరీ బొమ్మ సాయంత్రం నుంచి మినుకుమినుకుమంటోంది, అది వేరే విషయంలే.

మీటరుపెట్టి:
వేరే విషయం కాదు. స్టార్ట్‌లో 14 దగ్గర ఉండాల. అంటే ఆల్టర్నేటర్ సరిగ్గా తిరగడంలేదు. దానికీ వాటర్ పంపుకీ ఒకటే బెల్టా?

మడివాళ వ్యాన్:
ఒకటే.

మీటరుపెట్టి:
పుల్లీ బోల్టులు?

మడివాళ వ్యాన్:
పాతవే. గట్టిగా బిగించా.

మీటరుపెట్టి:
అవే బోల్టులు ముందు ఫ్యాన్‌నీ పుల్లీనీ కలిపి పట్టుకునేవి. ఇప్పుడు మధ్యలో ఫ్యాన్ మందం లేదు. బోల్టు పోయి లోపల రంధ్రం అడుగుకి తగులుతుంది. స్పానర్ బిగుసుకుంటుంది, నీకు టైటయిందనిపిస్తుంది, కానీ బోల్టు తల పుల్లీని నొక్కదు. పుల్లీ ఊగుతుంది, బెల్టు జారుతుంది. పంపు సరిగ్గా తిరగదు, ఛార్జింగ్ ఉండదు, ఫ్యాన్లు నీరసంగా తిరుగుతాయి. ఇంజన్ ఆపి, చల్లారినాక, పుల్లీని చేత్తో కదిపి చూడు.

మడివాళ వ్యాన్:
కదుల్తోంది అన్నా!! తల కింద సందులో గోరు దూరుతోంది.

హిందూపురం బ్రో:
సక్కత్ గురూ.

మీటరుపెట్టి:
ఫ్యాన్ హబ్ మందం ఎంతో అంత పొట్టి బోల్టులు తెచ్చుకో, అదే గ్రేడువి. ఈ రాత్రికి వాషర్లు వేసుకో. బెల్టు టెన్షన్ మళ్లీ చూడు. పాత ఫ్యాన్ చుట్టూ ఉండే రేకు తొడుగు ఉందా తీసేశావా?

మడివాళ వ్యాన్:
తీసేశా. ఫ్యాన్లకి అడ్డమొచ్చింది.

మీటరుపెట్టి:
ఫ్యాన్ల చుట్టూ రేకు కట్టు. లేకపోతే ఫ్యాన్ ఎదురుగా ఉన్న చోటే గాలి లాగుతుంది, రేడియేటర్ మూలలు ఊరికే ఉంటాయి. పోయేటప్పుడు పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగుడే, వచ్చేటప్పుడు ఎక్కుడు. తెలిసేది అప్పుడే.

సెంటీగ్రేడు:
మూత కూడా చూసుకోండి.

మడివాళ వ్యాన్:
బోల్టుకి మూడు వాషర్లు వేశా. 13.9 వస్తోంది, బొమ్మ పోయింది. బొమ్మనహళ్లి దాకా పోయొచ్చా, సూది సగంలోనే నిలబడింది. థాంక్స్ అన్నా. పొద్దున జేసీ రోడ్డు.

పాత ఇంజన్:
ఆ పాత ఫ్యాన్‌ని మాత్రం పారేయొద్దు. రెక్క వెల్డింగ్ చేయించవద్దు గానీ, కొలతకి పనికొస్తుంది.

మడివాళ వ్యాన్:
గుజిరీవాడికే ఇచ్చేశా. 150 ఇచ్చినాడు.