థ్యూసిడిడీస్ మళ్లీ చదువుతున్నాం, ప్రసంగాల దగ్గర బండి ఆగిపోయింది

ప్రశ్న:
నలుగురం ఆదివారం రాత్రుళ్లు కాల్‌లో కలిసి ప్రాచీన గ్రీసులో ఏథెన్స్, స్పార్టాల మధ్య జరిగిన పెలొపొనీషియన్ యుద్ధం మీద థ్యూసిడిడీస్ రాసిన చరిత్ర చదువుతున్నాం. నాకూ ఇంకొకాయనకీ ఇది రెండోసారి, మిగతా ఇద్దరూ కొత్త. ఏథెన్స్ ప్లేగు భాగం ఒక్క బిగిన అయిపోయింది, ఆ జబ్బు తనకీ వచ్చి తగ్గినవాడు రాసింది కదా మరి. మూడో పుస్తకంలో ప్రసంగాలు మొదలయ్యేసరికి కొత్తవాళ్లు మ్యూట్ పెట్టుకుని మాయమైపోతున్నారు. అవి వదిలేసి యుద్ధాలు మాత్రం చదివితే తప్పా?

జవాబు:
వదలకండి సార్. మొదటిసారి నేనూ దాటేశాను, అందుకే మిటిలీని కథ సగమే అర్థమైంది. ఏథెన్స్ మీద తిరగబడ్డ ఆ ఊళ్లో మగాళ్లందరినీ చంపమని ఏథెన్స్ వాళ్లు ఓడ పంపేశారు, తెల్లారేసరికి మనసు పీకి మళ్లీ సభ పెట్టారు. ఆ సభలో క్లియాన్ అనే నాయకుడు చంపాల్సిందే అంటాడు. అతనికి ఎదురు మాట్లాడిన డయోడోటస్ జాలిపడమని అడగడు, చంపితే మనకేం లాభం అని లెక్క చెబుతాడు! ఓట్లు దాదాపు సమానం, చివరికి డయోడోటస్ మాటే నెగ్గి, చంపొద్దని చెప్పడానికి రెండో ఓడ పంపారు. రెండో ఓడవాళ్లు ద్రాక్షసారా, నూనె కలిపిన బార్లీ పిండి తింటూనే తెడ్లు వేశారు, వంతులవారీగా నిద్రపోయారు. మొదటి ఓడవాళ్లకి ఆ పని మీద మనసు లేక మెల్లగా వెళ్లారు కాబట్టి సరిపోయింది. మీ ఇద్దరూ ఆ రెండు ప్రసంగాలు గట్టిగా చదివి, ఫలితం చెప్పకుండా కొత్తవాళ్లని ఓటెయ్యమనండి.

జవాబు:
ఒక్క మాట, ఆ ప్రసంగాలు టేప్‌లో రికార్డ్ చేసినవి కావు. సందర్భానికి తగ్గట్టు కూర్చానని థ్యూసిడిడీసే మొదట్లో చెప్పుకున్నాడు. నా అనుభవంలో జనం పారిపోయేది ఊళ్ల పేర్లకి. మ్యాపులున్న ల్యాండ్‌మార్క్ ఎడిషన్ పట్టుకోండి, సగం టెన్షన్ పోతుంది.

జవాబు:
రెండోసారి చదివేవాళ్లకి అసలు పరీక్ష సిసిలీ మీద ఏథెన్స్ దండయాత్ర దగ్గరండీ. క్రీ.పూ. 413లో ఏథెన్స్ సైన్యం అక్కడి నుంచి వెనక్కి బయల్దేరబోతుంటే చంద్రగ్రహణం పట్టింది. జోస్యులు చెప్పారని సేనాధిపతి నికియాస్ మూడు తొమ్మిదులు, అంటే 27 రోజులు కదలనన్నాడు, ఆ ఆలస్యంతో సైన్యం శత్రువు చేతికి చిక్కింది. గ్రహణం విడిచేదాకా మంచినీళ్లు కూడా ముట్టనివ్వని ఇంట్లో పెరిగాను కాబట్టి మొదటిసారి నవ్వొచ్చింది. ఈసారి మాత్రం రాతి క్వారీల్లో మగ్గబోయే ఏడువేల మంది ఖైదీలు ముందే కళ్లలో మెదిలి పుస్తకం మూసేశాను. మరుసటి వారం దాకా తెరవలేదు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ అందరికీ. ఈ ఆదివారం క్లియాన్ నేనే. కొత్తవాళ్లలో ఒకాయన అప్పుడే గూగుల్ చేసి ఏ ఓడ గెలిచిందో చూసేశాడట, ఆయనకి ఓటు లేదని చెప్పేశాం.