చర్చ: మధ్యాహ్నానికే చచ్చిపోతున్న స్లైసులు, 24 కణాలు, ఇంకొన్ని సందేహాలు

తొలిమెట్టు
చిట్టెలుక మెదడులో హిప్పోకాంపస్ అనే భాగంలో, సీఏ1 అనే ప్రాంతపు కణాల మీద ప్యాచ్ క్లాంప్ (సన్నని గాజు పిపెట్‌తో కణం విద్యుత్తును కొలిచే పద్ధతి) చేస్తున్నాను. మెదడును పలుచని స్లైసులుగా కోసిన తర్వాత మొదటి రెండు గంటలు కణాలు నున్నగా, చక్కగా ఉంటాయి. మధ్యాహ్నానికి ఉబ్బిపోయి, కేంద్రకం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పిపెట్ ఆనించినా సీల్ రాదు, అంటే కణం పొర దాని కొసకు బిగుతుగా అతుక్కోదు. స్లైసులు ఉంచే ద్రావణం రోజూ కొత్తగానే కలుపుతున్నాను. ఇప్పటికి మూడు ఎలుకల నుంచి 24 కణాలు వచ్చాయి. ఒత్తిడికి గురిచేసిన ఎలుకలకూ మామూలు ఎలుకలకూ తేడా కనిపిస్తోంది, ఎన్ (నమూనాల సంఖ్య) = 24 అని పోస్టర్ పెట్టమని గైడ్ అంటున్నారు. ఇంకో రెండు సందేహాలు. ఎలుకల గదిలోకి వెళ్లినప్పుడల్లా తుమ్ములు, కళ్ల దురద వస్తున్నాయి. పాత విద్యార్థి వదిలి వెళ్లిన మాట్‌ల్యాబ్ కోడ్ నడవడం లేదు, పైథాన్‌లో మళ్లీ రాసుకోవడం మేలా?

కార్బోజెన్
కొత్తగా కలిపితే చాలదు, ఆస్మోలారిటీ (ద్రావణంలో కరిగిన పదార్థాల గాఢత) కొలవాలి. బయటి ద్రావణం 300 మిల్లీఆస్మోల్ చుట్టుపక్కల ఉండాలి, పిపెట్‌లోనిది దానికన్నా కాస్త తక్కువ. స్వేదనజలం యంత్రం సరిగా లేకపోయినా, తూకంలో ఉప్పు కొంచెం అటూ ఇటూ అయినా కణాలు ఉబ్బుతాయి. గ్యాస్ సిలిండర్ కూడా చూడండి. 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్. ఆ 5 శాతం లేకపోతే బైకార్బనేట్ బఫర్ పీహెచ్‌ను నిలబెట్టదు. బుడగలు బాగా పట్టిన తర్వాతే కాల్షియం కలపండి, లేదంటే తెల్లగా అవక్షేపం దిగుతుంది. మా ల్యాబులో అందరూ బ్లేడును తిట్టుకుంటున్న రోజుల్లో నేను సిలిండర్ మార్పించాను. ఆ వారం నుంచి సాయంత్రం దాకా కణాలు దొరికాయి.

లెక్కలపక్షం
స్లైసుల సంగతి తర్వాత. ఎన్ = 24 కాదండీ, 3. ఒకే ఎలుక నుంచి తీసిన కణాలు ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే పంజరంలో పెరిగి, అదే రోజు అదే చేతితో కోసిన మెదడులోవి. వాటిని స్వతంత్రమైన నమూనాలుగా లెక్కిస్తే లేని తేడా ఉన్నట్టు కనిపిస్తుంది. దయచేసి ఆ పోస్టర్ ఆపండి.

పాతపిపెట్
ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. రెండు దశాబ్దాలుగా ఈ పనిలో ఉన్నాను. నా దగ్గర సీల్ పట్టడం నేర్చుకున్నవారు ఇప్పుడు సొంత ల్యాబులు నడుపుతున్నారు. పక్కపక్కనే ఉన్న రెండు పిరమిడ్ కణాలు ఒకే విద్యుత్తుకు పూర్తిగా వేరువేరుగా స్పందించడం రోజూ చూస్తాం. ఒకే ఎలుకలోని కణాల మధ్య అంత తేడా ఉన్నప్పుడు కణాన్నే లెక్కించాలి. ప్యాచ్ క్లాంప్ కనిపెట్టిన నేహర్, సాక్‌మన్ 1976లో కప్ప కండరంలో ఒకే ఒక్క అయాన్ చానల్ (కణం పొరలోని సూక్ష్మ ద్వారం) గుండా పారే విద్యుత్తును కొలిచి చూపించారు. 1991లో వారికి నోబెల్ వచ్చింది కప్పల సంఖ్యను బట్టి కాదు.

లెక్కలపక్షం
వారి ప్రశ్న వేరు. చానల్ తెరుచుకున్నప్పుడు ఎంత విద్యుత్తు పారుతుందన్నది వారు తేల్చారు. తొలిమెట్టు గారు అడుగుతున్నది రెండు గుంపుల ఎలుకల మధ్య తేడా గురించి. ఒత్తిడి పెట్టింది ఎలుకకు, కణానికి కాదు. మీ అనుభవం మీద గౌరవం ఉంది, కానీ అనుభవం గణాంకాలను మార్చదు. 2014లో నేచర్ న్యూరోసైన్స్‌లో ఒక పరిశీలన వచ్చింది. పేరున్న పత్రికల్లో అచ్చయిన న్యూరోసైన్స్ పేపర్లలో సగానికి పైగా ఇలా ఒకదానిలో ఒకటి ఇమిడిన (ఒకే జంతువు నుంచి అనేక కణాలు తీసిన) డేటాతోనే నడిచాయని అందులో తేలింది. అందరూ చేస్తున్నంత మాత్రాన అది సరైన పద్ధతి కాదు.

మౌనతరంగం
మమ్మల్ని రికార్డింగులో కరెంటు లైన్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ రొద నెలల తరబడి పీడించింది. ఫారడే పంజరం (బయటి రొదను ఆపే లోహపు జాలీ), ఎర్త్ తీగలు, దీపాలు అన్నీ మార్చారు. చివరికి నేను పట్టుకున్నది ద్రావణం గొట్టాన్ని! ఉప్పునీటి ధార తీగలా పనిచేసి బయటి రొదను నేరుగా స్లైసు దాకా తెచ్చేది. మధ్యలో చుక్కలుగా రాలే చిన్న గది అమర్చాను, ధార తెగింది, తెర మీద గీత చదునుగా నిలిచింది. సీల్ రావడం లేదంటున్నవారు ముందు తమ గొట్టాలు చూసుకోండి.

కార్బోజెన్
రొదకూ సీల్‌కూ సంబంధం లేదు. సీల్ రాకపోవడం కణం ఆరోగ్యానికి, పిపెట్ కొసకు సంబంధించిన సంగతి.

పాతపిపెట్
లెక్కలపక్షం గారూ, మీరు ఎప్పుడైనా స్వయంగా ఒక మెదడు కోశారా? గుంపుకు పన్నెండేసి ఎలుకలు కావాలంటే ఆ ప్రాణాలకు నైతిక కమిటీ ముందు జవాబు చెప్పేది ఎవరు? జంతువుల సంఖ్య తగ్గించాలని రసెల్, బర్చ్ 1959లోనే రాశారు. కంప్యూటర్ ముందు కూర్చుని నీతులు చెప్పడం సులువు.

లెక్కలపక్షం
కోశాను. కోసిన ప్రతి ఎలుకా గుర్తుంది, అందుకే కోపం వస్తోంది. ఏమీ తేల్చలేని ప్రయోగానికి మూడు ఎలుకలను చంపితే ఆ మూడూ వృథా అయినట్టే. 2013లో లెక్కగట్టిన ప్రకారం న్యూరోసైన్స్ అధ్యయనాల గణాంక శక్తి మధ్యస్థ విలువ దాదాపు 21 శాతం. అంటే నిజంగా ఉన్న తేడాను కూడా అయిదింట నాలుగు సార్లు పట్టుకోలేం. తగ్గించడమంటే ప్రశ్నకు చాలినన్ని వాడి అక్కడితో ఆపడం.

స్కానర్‌గది
గణాంకాల గురించిన ఈ గొడవ మా ఎఫ్ఎంఆర్ఐ (పనిచేస్తున్న మెదడును స్కాన్ చేసే పద్ధతి) వాళ్లు ఎప్పుడో పడి వచ్చారు. 2009లో చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి బొమ్మలు చూపిస్తే, సరిదిద్దని లెక్కల్లో దాని మెదడు కూడా "స్పందించింది". వేల బిందువులను ఒకేసారి పరీక్షించినప్పుడు ఏదో ఒకటి వెలుగుతుంది. ఆ దెబ్బతో మేం మారాం. కణాలవాళ్లు ఇంకా మారలేదు.

పాతపిపెట్
మీరు కొలిచేది రక్తంలోని ఆక్సిజన్‌ను, న్యూరాన్‌ను కాదు. మాకు పాఠాలు చెప్పవద్దు.

స్కానర్‌గది
బతికున్న మనిషి ఆలోచిస్తుండగా మీ పిపెట్ ఎక్కడ పెడతారో చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం.

ఎలుకలగది
మీరంతా పోట్లాడుకుంటున్నారు, ఆ అమ్మాయో అబ్బాయో తుమ్ముతున్నారన్న సంగతి ఒక్కరికైనా పట్టిందా? అది జలుబు కాదు. ఎలుక మూత్రంలోని ప్రోటీన్లు గాల్లో కలిసి ఎలర్జీ తెస్తాయి. మగ ఎలుకల మూత్రంలో అవి ఇంకా ఎక్కువ. పట్టించుకోకపోతే కొందరికి ఉబ్బసం దాకా వెళుతుంది. నాతో పనిచేసిన ఒక మంచి పరిశోధకురాలు ఊపిరాడక ఈ రంగాన్నే వదిలేసింది. మొదటి తుమ్ముల రోజునే ఎవరైనా వింటే ఆమె ఇక్కడే ఉండేది. ఈ వారమే వైద్యుడికి చూపించండి, జంతుశాల బాధ్యులకు లిఖితంగా చెప్పండి. ముఖానికి సరిగ్గా అతుక్కునే మాస్కు అడగండి, పలుచని సర్జికల్ మాస్కు చాలదు. పంజరాలు శుభ్రం చేసే పనిని గాలి లాగే బల్ల దగ్గరే చేయండి.

ఇంకొకటి. ఒత్తిడి మీద పని అన్నారు కదా, ఎలుకను తోక పట్టి ఎత్తుతున్నారా? తోక పట్టి ఎత్తితే వాటికి భయం పెరుగుతుందని, గొట్టంలోకి నడిపించి గానీ దోసిట్లో గానీ ఎత్తితే తగ్గుతుందని 2010లోనే తేలింది. తోక పట్టి ఎత్తే ల్యాబులో మామూలు గుంపు అన్నది మామూలుగా ఉండదు.

మౌనతరంగం
మగ పరిశోధకుడు గదిలో ఉంటే ఎలుకల్లో ఒత్తిడి పెరిగి నొప్పి స్పందన తగ్గుతుందని కూడా 2014లో వచ్చింది. ప్రయోగం ఎవరు చేశారో రాసిపెట్టుకోండి.

తొలిమెట్టు
అందరికీ ధన్యవాదాలు. వైద్యుడి దగ్గరికి రేపు వెళుతున్నాను. ఆస్మోలారిటీ కొలిచే యంత్రం పక్క ల్యాబులో ఉంది, అడిగాను. లెక్కలపక్షం గారు చెప్పినట్టు కణాలను ఎలుకలవారీగా విడదీశాను. 24లో 15 ఒకే ఎలుకవి. అది మామూలు గుంపులో ఉన్న ఒకే ఒక్క ఎలుక. మిగతా రెండూ ఒత్తిడి గుంపు.

పాతపిపెట్
ఆ 15 ఇచ్చిన ఎలుక వయసెంత?

తొలిమెట్టు
నాలుగు వారాలు. మిగతావి ఎనిమిది వారాలు.

పాతపిపెట్
అందుకే దాని స్లైసుల్లో అన్ని కణాలు దొరికాయి. చిన్న ఎలుక మెదడు కోతను తట్టుకుంటుంది. ఎనిమిది వారాల ఎలుకకు సోడియం తీసేసిన ద్రావణంలో కోయాలి. సోడియం బదులు ఎన్ఎండీజీ అనే పదార్థం వాడండి, తర్వాత కాసేపు 32 డిగ్రీల దగ్గర కోలుకోనివ్వండి. మామూలు ద్రావణంలో కోస్తే మధ్యాహ్నానికి పోవడం సహజం. వయసు తేడానే మీ డేటాలో తేడాగా కనిపిస్తూ ఉండవచ్చు. పోస్టర్ విషయంలో లెక్కలపక్షం గారి మాట వినండి. లెక్కింపు గురించి మాత్రం నా మాట నాదే.

లెక్కలపక్షం
వయసు కలిపి కొత్త గుంపులు వేయండి. ఏది ఏ గుంపో మీకు తెలియకుండా పంజరాలకు మరొకరితో సంకేతాలు వేయించండి. కోడ్ సంగతి: పైథాన్‌కు వెళ్లండి, కానీ పాత కోడ్‌ను పారేయకండి. దానితో వచ్చిన ఒక పాత గ్రాఫును మీ కొత్త కోడ్‌తో యథాతథంగా తెప్పించాకే కొత్త డేటా ముట్టుకోండి.