థార్ ముందు ఎత్తు పెంచాలంటే బోల్టు తిప్పించాలా, హౌసింగ్ యాక్సిల్ వేయించాలా?

మహేంద్రతనయ (మందస):
అందరికీ నమస్కారం. నాది 2014 థార్, డీజిల్, ఫోర్ బై ఫోర్. ముందు టార్షన్ రాడ్లు (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఇనుప కడ్డీలు), వెనక కమాన్ కట్టలు (వంపు పట్టీల స్ప్రింగులు). పోయిన ఏడాది ముందు ఇనుప బంపర్, వించి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) పెట్టించాను. అప్పటి నుంచి ముందు భాగం దిగిపోయింది. మా జీడితోట దారిలో ఉన్న కల్వర్టు 2018 తిత్లీ తుఫానుకి కొట్టుకుపోతే రాళ్లు పరుచుకుని తిరుగుతున్నాం. అక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ కింద ప్లేటు రాయికి గీసుకుంటోంది. రెండు అంగుళాలు లేపాలని ఉంది. టార్షన్ రాడ్డు చివరి బోల్టు తిప్పితే గంటలో పనైపోతుందని ఒకాయన అంటున్నాడు. పాత ఎంఎం 540 జీపు ముందు హౌసింగ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) తెచ్చి, ఇప్పుడున్నదంతా పీకేసి కమాన్ కట్టలు వేద్దామని ఇంకొకాయన అంటున్నాడు. సీజన్ లోపు తేల్చుకోవాలి. సీజన్‌లో బస్తాలు, కూలీలు అన్నీ ఇందులోనే.

కమాన్ కట్ట (శ్రీకాకుళం):
తమ్ముడూ, రెండో ఆయన మాట విను. బోల్టు తిప్పితే రాడ్డు బిగుసుకుపోతుంది. ఎద్దుబండి నయమనిపిస్తుంది. హౌసింగ్ యాక్సిల్‌లో ఒక చక్రం రాయెక్కితే రెండోది నేలను తొక్కుతుంది, గుండు (మధ్యలో ఉండే డిఫరెన్షియల్) కూడా చక్రంతోపాటే లేస్తుంది. నీ బండిలో చక్రం గుంత దాటి పైకి కొట్టినప్పుడు మధ్య భాగం నేల మీదికి వంగుతుంది. అందుకే ప్లేటు గీసుకుంటోంది. నేను పదకొండేళ్లుగా ఎంఎం 540 నడుపుతున్నాను. మెళియాపుట్టి అవతల కొండదారుల్లో ఇంతవరకు ఎక్కడా ఆగలేదు.

పానా పట్టినోడు (విజయనగరం):
బోల్టు తిప్పితే రాడ్డు గట్టిపడదు సార్. రాడ్డు లావు, పొడవు, ఇనుము మారితేనే దాని గట్టిదనం మారుతుంది. బోల్టు రాడ్డు చివరను తిప్పి కింద చేయి (చక్రాన్ని ఛాసిస్‌కి పట్టి ఉంచే ఆర్మ్) కోణం మారుస్తుంది, అంతే. ఎత్తు పెరిగాక చక్రం కిందికి దిగే జాగా తగ్గుతుంది. పై చేయి రబ్బరు స్టాపర్ దగ్గరికి వచ్చేస్తుంది, షాకబ్జర్ దాదాపు పూర్తిగా సాగి ఉంటుంది. గుంతలో చక్రం జారగానే ఠక్కుమంటుంది. అది విని జనం రాడ్డు గట్టిపడిందంటారు.
రెండు అంగుళాలు నేనైతే చేయను. ముందు చక్రాలకు తిరుగుడు ఇచ్చే షాఫ్టు కోణం పెరిగి దాని రబ్బరు బూటు (గ్రీజు బయటికి రాకుండా ఉండే తొడుగు) చిరుగుతుంది. చిరిగితే చక్రం లోపలి వైపు రిమ్ము మీద గ్రీజు గుండ్రంగా చిమ్మి ఉంటుంది. అది కనిపించినా జనం నెలల తరబడి అలాగే నడిపేస్తారు. అంగుళం లోపు లేపి, అదే రోజు వీల్ ఎలైన్‌మెంట్ చేయించి, హెడ్‌లైట్లు దించుకుంటే చాలు.

బొబ్బిలి కోట:
మాది కొత్త థార్. ముందు కాయిల్ స్ప్రింగులే, ఈ గొడవ లేదు.

కమాన్ కట్ట:
గట్టిపడదా? నడిపేవాడి నడుముని అడగండి. నేను రెండు బండ్లు చూశాను, బోల్టు తిప్పాక రెండూ రాయిలా అయ్యాయి.

పానా పట్టినోడు:
నడుముకి తెలిసేది దెబ్బ. దెబ్బ స్టాపర్ దగ్గర తగులుతోంది, రాడ్డు దగ్గర కాదు. ఆ తేడా తెలియకపోతే రోగం ఒకటి, మందు ఒకటి అవుతుంది. ఇంకో మాట. హౌసింగ్ యాక్సిల్ బండికి కమాన్లు ఎత్తు చేస్తే బాడీ లేస్తుంది కానీ గుండు లేవదు, అది లేవాలంటే టైరు పెద్దదవాలి. ఈయన బండిలో గుండు ఛాసిస్‌కే బిగించి ఉంది కాబట్టి బాడీతోపాటు లేస్తుంది. ఆ సంగతి మీరు రాయలేదు.

కమాన్ కట్ట:
గుండు లేవదని నేను అననే లేదు, చక్రంతో లేస్తుందన్నాను. చదవకుండా సమాధానం రాస్తే ఎలా?

ఘాట్ రోడ్డు:
జిమ్నీకి ముందు కూడా హౌసింగ్ యాక్సిలే, కాయిల్ స్ప్రింగుల మీద. మావాడు రెండు అంగుళాలు లేపించాడు, మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నిటారుకి రావడం మానేసింది. తర్వాత దాన్ని సరిచేయడానికి ఆఫ్‌సెట్ బుష్‌లు వేయించాల్సి వచ్చింది. ఏ సస్పెన్షన్ అయినా ఒకటి కదిపితే నాలుగు కదులుతాయి.

సంతకవిటి:
చట్టం మాట కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ కింద, ఒక్కో మార్పుకి యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ముందు యాక్సిలే మార్చేస్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి ఏం చెప్తారు?

కమాన్ కట్ట:
ఆ ఇన్‌స్పెక్టర్‌ని మా కొండకి రమ్మనండి, నా జీపులోనే ఎక్కిస్తాను. పానా గారూ, మీకు కోపం వచ్చినా సరే చెప్తాను. గంట పనికి డబ్బులు తీసుకుని బోల్టు తిప్పి పంపేసే షెడ్డులను నేను నమ్మను. 2016లో నాకున్న ఇంకో బండికి ఇలాగే బోల్టు తిప్పి రెండు అంగుళాలు లేపారు. ఎలైన్‌మెంట్ ఊసే లేదు. ఆరు నెలలకు శృంగవరపుకోట నుంచి అరకు ఎక్కుతుంటే కింది బాల్ జాయింట్ (చక్రాన్ని కింద చేతికి కలిపే కీలు) ఊడి చక్రం లోపలికి మడుచుకుపోయింది. ముందు సీట్లో మా అమ్మ ఉంది. మణికట్టు విరిగింది. లోయ వైపు కాకుండా కొండ వైపు ఆగాం కాబట్టి ఈ రోజు ఇది రాస్తున్నాను.

పానా పట్టినోడు:
అమ్మగారికి అలా జరిగినందుకు నాకూ బాధగానే ఉంది. కానీ షెడ్డులన్నిటినీ ఒక్క గాటన కట్టకండి. ఇరవై రెండేళ్లుగా ఇదే పని నాది. సాలూరు లారీ షెడ్డుల్లో నేర్చుకున్నాను. ఆ ఆరు నెలల్లో ఆ బాల్ జాయింట్‌ని ఎవరైనా చూశారా?
నేనెందుకు వద్దంటున్నానో కూడా వినండి. మూడేళ్ల కింద మీరు చెప్పిన మార్పే చేసిన బండి ఒకటి నా దగ్గరికి వచ్చింది. జాకీ పెట్టి ముందు చక్రాలు వేలాడదీస్తే బ్రేకు గొట్టం తీగలా బిగుసుకుంది. ఇంకో అంగుళం దిగితే తెగేదే. కమాన్ బ్రాకెట్‌కి వేసిన వెల్డింగ్ పక్కన సన్నని గీత కనిపించింది. దాని మీద రంగు వేసేశారు. ఆ బండిలో భార్య, ముగ్గురు పిల్లలతో వచ్చాడాయన. బ్రాకెట్ తీసి కొత్తగా చేయకపోతే ముట్టుకోనన్నాను. నానా మాటలూ అని వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.
మందస తమ్ముడు మొదటి పోస్టులోనే 'కూలీలు' అని రాశాడు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఒక్కడివే నడుపుకుంటే నీ ఇష్టం. వెనక కూర్చున్న మనిషికి కింద ఏం మార్చారో తెలియదు.

సంతకవిటి:
అసలు సొంత బండి రిజిస్ట్రేషన్ మీద కూలీలను బాడుగకి ఎక్కించడమే తప్పు.

కమాన్ కట్ట:
బాడుగ అని ఎవరన్నారు? ఎనిమిది కిలోమీటర్లు ఎక్కాలి బావూ. ఆడవాళ్లు నెత్తిన బస్తా పెట్టుకుని దిగాలా? పోయిన వానాకాలం నొప్పులొచ్చిన మనిషిని తెల్లవారుజామున నా జీపులోనే దించాం. అది లేకపోతే డోలీయే. మీరు విజయనగరంలో కూర్చుని వద్దంటారు, ఈయన సెక్షన్ చెప్తాడు. రోడ్డు లేని చోట ఎత్తు బండి సరదా కాదు. మనుషులు ఎక్కుతారు కాబట్టే గట్టి యాక్సిల్ కావాలంటున్నాను.

పానా పట్టినోడు:
మనుషులు ఎక్కుతారు కాబట్టే కంపెనీ వేసినదాన్ని కోయొద్దంటున్నాను. మీ 540 పుట్టుకతోనే అలా ఉంది, దాని బ్రాకెట్లు ఎవరూ షెడ్డులో అతికించలేదు. మీ జీపు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. థార్ ఛాసిస్‌కి ఆ ముక్కలు వెల్డింగ్ చేసేది ఎవరు, తర్వాత ఏటా చూసేది ఎవరు? దానికి జవాబు చెప్పండి.

కమాన్ కట్ట:
చేసేవాడు పనిమంతుడైతే నిలుస్తుంది.

పానా పట్టినోడు:
మీ బోల్టు తిప్పినవాణ్ని కూడా ఆ రోజు పనిమంతుడనే కదా అనుకున్నారు?

మహేంద్రతనయ:
రెండు రోజులు అన్నీ చదివాను. ఇద్దరి మీదా నాకు గౌరవమే. నిన్న ఇంటి దగ్గరే ఒక పని చేశాను. చక్రం హబ్ మధ్య నుంచి ఫెండర్ (మడ్‌గార్డు) అంచు వరకు టేపుతో కొలిచి రాసుకున్నాను, టైరు గాలితో సంబంధం లేకుండా. తర్వాత బంపర్, వించి విప్పి, జీడి తూచే కాటా మీద పెట్టాను. బంపర్ 46 కిలోలు, వించి 30. అంత బరువని పెట్టించినప్పుడు ఎవరూ చెప్పలేదు. బండిని ఊరి చివరిదాకా నడిపి తెచ్చి మళ్లీ కొలిస్తే ముందు భాగం 14 మిల్లీమీటర్లు లేచింది. కల్వర్టు రాళ్ల మీద ఒంటరిగా వెళ్లాను, ప్లేటు ఒక్క చోటే తగిలింది. కూలీలను ఇకనుంచి ఆరుగురు చొప్పున రెండు ట్రిప్పుల్లో తీసుకెళ్తాను.

కమాన్ కట్ట:
వించి లేకుండా జూన్‌లో ఆ బురదలోంచి ఎలా వస్తావు?

మహేంద్రతనయ:
వించి మళ్లీ పెడతాను అన్నా, ఇనుప బంపర్ పెట్టను. ఒక్కటి అర్థం కావడం లేదు. కుడి కన్నా ఎడమ ఆరు మిల్లీమీటర్లు తక్కువగా ఉంది.

పానా పట్టినోడు:
ఇప్పుడే పానా పెట్టొద్దు. రెండు వైపులా బోల్టు మరలు ఎన్ని బయటికి కనిపిస్తున్నాయో లెక్కపెట్టి ఫొటో పెట్టండి. షాఫ్టు రబ్బరు బూట్లు కూడా ఫొటో తీయండి, రిమ్ము లోపలి వైపు కనిపించేలా.